గోడలోకి తిరిగిన పేరు

21 అక్టోబరు 2024, సోమవారం

కార్తికేయ మాస్టారు అంగన్‌వాడీకి వచ్చేడు. హైస్కూల్లో సోషల్ చెప్తాడు. మా క్వారీ కార్మికుల హాలు చరిత్ర పుస్తకంగా వేస్తున్నాడట. హాలుకి కొత్త కప్పు వేయిస్తున్నారు. వచ్చే నెల మళ్ళీ తెరిచే రోజుకి పుస్తకం చేతిలో ఉండాలట.

"మేడమ్, పాత క్వారీ కుటుంబాల్లో కూర్చుని రాయగలిగినవాళ్ళు మీరొక్కరే," అన్నాడు.

"నాకు రాయడమంటే పిల్లల బరువులూ ఎత్తులే బాబూ," అన్నాను.

నవ్వేడు. కదల్లేదు. సరే అన్నాను. నాన్న దగ్గరుండి కట్టించిన హాలు. పెద్దకూతుర్ని. కాదంటే బావుండదు.

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగేడు. "గోడలో రాళ్ళన్నిటి మీదా పేర్లున్నాయి. తూర్పు కిటికీ కింద ఒక్క రాయి మీద మాత్రం ఏం లేదు. ఎందుకండీ?"

"ఏమో బాబూ," అన్నాను.

22 అక్టోబరు

సహస్రనామం మధ్యలో తప్పేను. మొదట్నుంచి చదివేను. మళ్ళీ అక్కడే తప్పేను.

24 అక్టోబరు, గురువారం

తుపాను గాలి. పిల్లలు రాలేదు. సెంటర్లో కూర్చుని మాస్టారి కోసం రాసేను. నకలు ఇక్కడ పెట్టుకుంటున్నాను.

"1982లో టెక్కలి దగ్గర మా నీలిరాయి క్వారీలో నూట పదకొండు మంది పనివాళ్ళు. పని దిగేక కాసేపు కూర్చోడానికి నీడ లేదు. కంపెనీ షెడ్డుకి తాళం ఉండేది. మా నాన్న ఢిల్లీరావు మేస్త్రీ మందు పేల్చే పని చూసేవారు. ఆయనే అందర్నీ కూడగట్టేరు. చిన్న గీత కనిపించినా కంపెనీ రాయిని పక్కన పారేసేది. ఆ పారేసిన రాళ్ళతోనే హాలు కట్టేం. మనిషికో రాయి. ఎవరి రాయి వాళ్ళే చెక్కాలి, ఎవరి పేరు వాళ్ళే కొట్టుకోవాలి. చదువు రానివాళ్ళకి నేను సుద్దముక్కతో రాసి ఇస్తే దాని మీద ఉలి నడిపేరు. అప్పుడు నాకు పన్నెండేళ్ళు.

"ముందు రేడియో వచ్చింది, తరవాత టీవీ. ఆదివారం కేరమ్స్. శనివారం భజన. పెళ్ళిళ్ళు అక్కడే, పంచాయితీలు అక్కడే. సంతకం పెట్టడం చాలామంది అక్కడే నేర్చుకున్నారు. క్వారీలో ఎవరైనా పోతే ముందు హాల్లోకి తెచ్చేవారు. కార్తీకంలో అతని రాయి కింద దీపం పెట్టేవారు. ఇప్పటికీ పెడతారు."

తప్పు చేసి పోయినవాడి రాయి తిప్పేసే నియమం కూడా ఉండేది. అది రాయలేదు. ఎవరికి కావాలి.

27 అక్టోబరు, ఆదివారం

తమ్ముడు వైకుంఠరావు హాలు కమిటీ ప్రెసిడెంటు. పొద్దున్నే వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"అప్పా, హాలుకి నాన్న పేరు పెట్టీస్తన్నాం. కమిటీ అంతా సరే అన్నాది. ఫొటో పెద్దది సేయించడానికి ఇచ్చీసేను."

"నాన్నకి ఇష్టముండదేమోరా."

"పోయినోళ్ళ ఇష్టం నీకెలాగ తెల్సు? రోజూ దేవుడితో మాటాడతావు గదా, ఓసారి నాన్నకి ఫోనిమ్మను," అని తనే నవ్వుకున్నాడు.

వాడింకా ఇక్కడ ఉండగానే మాస్టారు వచ్చేడు. పోలారావు తాత దగ్గర్నుంచి వస్తున్నాడు. తాత అప్పట్లో క్వారీ కార్మికుల సంఘం సెక్రటరీ. ఎనభై దాటేయి గానీ ఏదీ మరిచిపోడు.

"ఆ ఖాళీ రాయి గున్నయ్య అనే ఆయనదట గదా మేడమ్. పేల్చే ముందు హెచ్చరికగా గంట మూడుసార్లు కొట్టినా గోతిలోంచి పైకి రాలేదట. తాగి పడుకున్నాడట. చనిపోతే హాల్లో మీటింగు పెట్టి, పేరు గోడలోకి పోయేలా రాయి తిప్పించేశారట. 'మేస్త్రీ పెద్దకూతురు ఆ గంట దగ్గరే ఉంది, ఆ పిల్ల అబద్ధమాడదు, ఆవిణ్ణే అడుగు,' అన్నారు తాతగారు."

టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళేను.

మూడు గంటలూ కొట్టేకే నాన్న వత్తి అంటించేడు. నేను విన్నాను. విన్నదే ఆ రోజు చెప్పేను.

28 అక్టోబరు

మూడే.

31 అక్టోబరు

దీపావళి. వీధిలో ఔట్లు పేలుతుంటే తలుపేసుకున్నాను.

1 నవంబరు, శుక్రవారం

గంటల సంగతి మాస్టారికి అర్థమయ్యేలా రాద్దామని కూర్చున్నాను.

గోతి గట్టు మీద రైలుపట్టా ముక్క వేలాడేది. అదే గంట. నాన్న సుత్తితో కొట్టేవాడు. మొదటి గంటకి అందరూ పని ఆపాలి. రెండో గంటకి గొయ్యి ఖాళీ చేసి కొండ అవతలికి పోవాలి. అప్పుడు ఒక్క మనిషి మాత్రం లోపలికి దిగుతాడు. హడావిడిలో అందరూ వదిలేసిన ఉలులూ సుత్తులూ బుట్టలోకి ఏరతాడు, రాళ్ళ కింద పడి పాడైపోకుండా. మూడో గంట అతన్ని పైకి రమ్మని. అది కొట్టి నాన్న నూరు లెక్కపెట్టి, ఈలోగా అతను పైకి వచ్చేసుంటాడన్న లెక్కతో వత్తి అంటించేవాడు.

అంటే మూడో గంట క్వారీ మొత్తంలో ఒక్కడి కోసమే. ఉలులు ఏరేవాడి కోసం. గున్నయ్య కోసం.

తాగేడని నేననలేదు. నేనొక్క మాటే అన్నాను. మూడు మోగితే ఎందుకు రాలేదు, తాగి పడిపోయుంటాడు అని మిగతాది వాళ్ళు కట్టుకున్నారు.

2 నవంబరు, శనివారం

కార్తీకం మొదలు. దీపం వెలిగించేను. నోట శ్లోకం రాలేదు. ఊరికే కూర్చున్నాను.

3 నవంబరు, ఆదివారం

పోయిన ఆదివారం రాసింది తీసి చూసుకున్నాను. ఇంకెవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధమే రాసుకున్నాను.

రెండు. రెండే కొట్టేడు.

రాస్తాను.

1985. నాకు పదిహేనేళ్ళు. నాన్నకి అన్నం పట్టుకెళ్ళేను. ఆ రోజు యజమాని రాయి కొనేవాళ్ళని వెంట తెచ్చేడు. పేలుడు చూడాలని వాళ్ళకి సరదా. ఎండకి ఆగలేక తొందరపెడుతున్నారు. పక్క గోతిలో కంప్రెసరు మోత. కొండ అవతలున్న వాళ్ళకి గంటల లెక్క తెలిసే దారి లేదు.

రెండో గంట అయ్యేక గున్నయ్య బుట్ట పట్టుకుని నా పక్కనుంచే దిగేడు.

"గుంటా, ఇయాళ కూరేటి?"

"వంకాయ."

"నాకో ముక్క దాయి."

యజమాని చేత్తో ఇంక కానియ్ అన్నట్టు సైగ చేసేడు. నాన్న సుత్తి కింద పెట్టేడు. అగ్గిపెట్టె తీసేడు. మరిచిపోయేడు. ఆయన కావాలని చెయ్యలేదు, మరిచిపోయేడు. నేను "నాన్నా" అన్నాను. గట్టిగా అనలేదు. పెద్దవాళ్ళ మధ్య అరవకూడదు అనుకున్నాను. ఇంకోసారి కూడా అనలేదు.

మర్నాడు పొద్దున్న నాన్న వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "మూడని సెప్పు తల్లీ," అన్నాడు. అమ్మ పోయి అప్పటికి ఏడాది. నా తరవాత ముగ్గురు. వైకుంఠానికి ఆరేళ్ళు.

హాల్లో పోలారావు తాత నన్ను స్టేజీ ఎక్కించేడు. ప్రతి శనివారం నిలబడి భజన పాడే చోటే. "ఎన్ని మోగేయి తల్లీ?"

"మూడు."

నాన్న కూడా మూడే అన్నాడు. కానీ ఆయన్ని ఎవరూ చూడలేదు. నన్నే చూసేరు.

నెల తిరక్కుండా గున్నయ్య భార్య బొడ్డమ్మని కంపెనీ పనివాళ్ళకిచ్చే లైనింట్లోంచి పంపించేసేరు. చంకలో ఏడు నెలల పిల్ల. హాలు ముందునుంచే నడిచి వెళ్ళింది. నేను లోపల తలుపు వెనక నిలబడ్డాను.

5 నవంబరు, మంగళవారం

వైకుంఠానికి చెప్పేను. అన్నం తింటున్నాడు. చెయ్యి ఆగిపోయింది.

"ఇప్పుడా సెప్పడం?"

"నాకు పదిహేనేళ్ళురా అప్పుడు."

"మరి ఇరవై రాలేదా? ముప్పై రాలేదా? నాన్న పోయి పద్దెనిమిదేళ్ళు. ఆ మర్నాడు సెప్పకపోనావా?"

నీళ్ళ గ్లాసు వాడి దగ్గరికి జరిపేను.

వాడే మెత్తబడ్డాడు. "సూడప్పా. అప్పుడు నువ్వు రెండంటే నాన్న జైలుకెళ్ళేవోడు. మేం ముగ్గురం ఏటైపోయీవోళ్ళం? నువ్వు పెళ్ళి కూడా మానుకుని పెంచేవు. నువ్వు సేసింది తప్పు కాదు. ఇంకక్కడితో వదిలీ."

"అతనికీ పిల్ల ఉందిరా."

"ఆ పిల్లెవరో మనకి తెలీదు గదా."

"నాకు తెల్సు. హాల్లో నేను ఎత్తుకున్నాను."

చెయ్యి కడుక్కోకుండానే లేచేడు. గుమ్మంలో ఆగి, "ఫొటోకి ఫ్రేము కూడా కట్టించీసేనప్పా," అన్నాడు. కోపంగా అనలేదు. అదే బాధ.

8 నవంబరు

మాస్టారు ఫోను. పుస్తకం ప్రెస్సుకి ఇవ్వాలట, గున్నయ్య గురించి ఏం రాయమంటారు అని. బొడ్డమ్మ పలాసలో ఉందని తాత చెప్పేరట, కానీ ప్రారంభానికి పిలిస్తే రానందట. అడ్రసు రాసుకున్నాను. వచ్చే ఆదివారం దాకా ఆగమన్నాను.

9 నవంబరు

ఆమె రానందంటే ఒక్క క్షణం మనసు తేలికపడింది. అది కూడా రాసుకోవాలి.

10 నవంబరు, ఆదివారం

పలాసకని కాశీబుగ్గ బస్టాండులో దిగి ఆటో ఎక్కేను.

రేకుల ఇల్లు. బొడ్డమ్మ అరుగు మీద కూర్చుని జీడిగింజలు కొడుతోంది. జీడి రసం అంటి వేళ్ళ చివర్లు నల్లగా కాలిపోయినట్టున్నాయి. చూడగానే గుర్తు పట్టింది.

"ఓలమ్మా! మేస్త్రీగారి పెద్దకూతురివి కదూ? భజన పాడీదానివి. జుత్తు ముగ్గుబుట్టయిపోనాదేటమ్మా! రా, కూకో. హాలు సంగతయితే నాను రానని మాస్టారికి సెప్పీసినాను."

టీ పెట్టింది. వద్దన్నా వినలేదు. కూతురు రజని సోంపేటలో బట్టలు కుడుతుందట, ఇద్దరు పిల్లలట. అవన్నీ చెప్పింది. నేను టీ తాగేను. ఆ ఇంట్లో టీ తాగేను, చెప్పకుండా.

"ఎందుకు రానన్నావు?" అన్నాను చివరికి.

"ఏ మొకం ఎట్టుకొని రాను? గుంట పుట్టినప్పుడు దాని తల మీద సెయ్యేసి ఒట్టేసినాడు, ఇంక తాగనని. ఏడు నెల్లు ముట్టలేదు. ఊరంతా తాగేడన్నా నాను నమ్మలేదమ్మా. ఈళ్ళే ఏదో సేసినారు అనుకున్నాను. ఆనక నువ్వు సెప్పినావు. పదిహేనేళ్ళ గుంట, దేవుడి పాటలు పాడీది, దానికి అబద్ధమాడాల్సిన పనేటి? అప్పుడు నమ్మీసినాను." గింజ మీద ఒక్క దెబ్బ వేసింది. "గుంట తల మీద ఒట్టేసి తప్పినోడికి తద్దినమేటని ఒక్క ఏడూ పెట్టలేదు. రజని అడిగితే మీ బాబు తాగుబోతని సెప్పీదాన్ని."

చెప్పేను. అరుగు దిగి, నేల మీద కూర్చుని చెప్పేను. రెండే మోగేయి. మూడోది నాన్న మరిచిపోయేడు. నాకు తెలుసు. తెలిసే మూడన్నాను.

ఆమె చేతిలో చెక్కసుత్తి అలాగే ఉంది.

"రొండేనా?"

"రెండే."

"అయితే ఆడు తాగి పడుకోలేదు."

"లేదు. ఉలులు ఏరుతున్నాడు."

"ఇంకోపాలి సెప్పు."

చెప్పేను. మూడుసార్లు చెప్పించుకుంది. తిడుతుందని చూసేను. కొడుతుందని చూసేను. కొడితే బావుణ్ణనుకున్నాను, అదీ నా సుఖం కోసమే.

"ముప్పై తొమ్మిదేళ్ళు తిట్టినాను ఆణ్ణి," అంది. "వాన కురిసి కప్పు కారితే తిట్టినాను. గుంటకి జొరమొస్తే తిట్టినాను. అయ్యన్నీ ఇప్పుడేటి సెయ్యాల నాను? సెప్పు. నువ్వు సదువుకున్నదానివి."

చేతులు జోడించేను. చూసి మొహం తిప్పుకుంది. "దేవుడి ముందు పెట్టుకో ఆ దండాలు. పోనీలే అని నాసేత అనిపించుకుందారని వచ్చినావేమో. అనను. ఎక్కడ నిలబడి మూడని సెప్పినావో అక్కడే నిలబడి సెప్పు."

బస్సులో పక్కావిడ, "ఆరోగ్యం బాగోలేదా అమ్మా?" అని అడిగింది. బాగానే ఉందన్నాను.

13 నవంబరు

వైకుంఠం ఫోనెత్తడం లేదు. చెల్లెలు భవాని విజయనగరం నుంచి చేసింది. "నాన్న పరువు నీ సేతిలో ఉందప్పా," అంది. నాన్న పరువు ముప్పై తొమ్మిదేళ్ళుగా నా నోట్లోనే ఉంది.

17 నవంబరు, ఆదివారం

హాలు తెరిచేరు. కొత్త రేకులు, కొత్త సున్నం. రెండు వందల మంది దాకా ఉంటారు. స్టేజీ వెనక గోడకి నాన్న ఫొటో, బంతిపూల దండ. తలుపు దగ్గర ఒకామె నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు. రజని అని మాస్టారు చెప్పేడు. తల్లి రాలేదు.

మాస్టారు నన్ను పిలిచేడు, హాలు చరిత్ర చెప్తారని. మైకు వద్దన్నాను. తరవాత తీసుకున్నాను. ఆ రోజు చివరి వరస దాకా వినపడింది, ఈ రోజూ వినపడాలి.

"గున్నయ్య పోయినరోజు రెండు గంటలే మోగేయి. మూడోది కొట్టలేదు. ఆయన తాగలేదు. ఉలులు ఏరుతున్నాడు. మా నాన్న మరిచిపోయేడు. నేను చూసేను. చూసీ ఇక్కడ నిలబడి అబద్ధం చెప్పేను."

ఇంకేదో చెప్దామనుకున్నాను. నేను చిన్నదాన్ని, అమ్మ లేదు, అవన్నీ. చెప్పలేదు.

ఆడవాళ్ళ వేపునుంచి ఒక గొంతు, "రోజూ దీపాలెట్టీది ఇందుకా!" ఇంకొకామె, "ఊరుకోవే, ఇప్పటికైనా సెప్పినాది." "ఇప్పుడు సెప్తే ఆడు లేచొస్తాడేటి?"

పోలారావు తాత మనవడి భుజం పట్టుకుని లేచేడు. "తల్లీ, ఇంకెవరు సెప్పినా మరో సాచ్చిని అడిగీవోణ్ణి. నువ్వు సెప్పినావని అడగలేదు. ఆ రాయి నా సేతుల్తో తిప్పేను. నాకు ఈ ఒయిసులో సెప్తన్నావా ఇది?" కూర్చుండిపోయేడు.

వైకుంఠం స్టేజీ ఎక్కేడు. నన్ను తిడతాడనుకున్నాను. నా వేపు చూడలేదు. గోడ మీంచి నాన్న ఫొటో దించి, దండ తీసి బల్ల మీద పెట్టి, భుజం మీది తువ్వాలు ఫొటోకి చుట్టి చంకలో పెట్టుకుని మధ్య దారంటే వెళ్ళిపోయేడు. జనం దారిచ్చేరు.

తలుపు వేపు చూస్తే రజని అప్పటికే లేదు.

18 నవంబరు

సెంటరుకి పదకొండు మంది పిల్లలు రావాలి. నలుగురే వచ్చేరు. వర్షం ఏం లేదు.

20 నవంబరు

మాస్టారు వచ్చేడు. పుస్తకం ప్రెస్సుకి ఇవ్వకుండా ఆపేడట. "పుస్తకంలో మీ పేరు వెయ్యకుండా కూడా రాయొచ్చు మేడమ్. ఒక సాక్షి అని."

"పేరుతోనే రాయి బాబూ," అన్నాను.

అందరి ముందూ చెప్పేక మనసు తేలికైందా అని అడిగేడు. కుర్రాడు, మంచివాడు. కాలేదు. ఇదివరకు నాకొక్కదానికే తెలుసు. ఇప్పుడు పాలు పోసే ఆమెకి కూడా తెలుసు. అంతే తేడా.

24 నవంబరు, ఆదివారం

రాయి తీసేరు.

తాత చెప్తుంటే ఇద్దరు మేస్త్రీలు చుట్టూ సున్నం తొలిచేరు. పొద్దున్న ఎనిమిదికి మొదలుపెడితే పది దాటింది. బొడ్డమ్మ వచ్చింది, రజని వచ్చింది. నేను మెట్ల దగ్గరే నిలబడ్డాను. దగ్గరికి రమ్మని ఎవరూ అనలేదు. పొమ్మనీ అనలేదు.

రాయి బయటికి తీసి, నీళ్ళు పోసి కడిగి తిప్పేరు. మిగతా పేర్లు ఎండకీ వానకీ అరిగి, ఏటేటా వేసిన సున్నంతో పూడిపోయి సగం చదవడానికి రావు. ఇది మొన్న కొట్టినట్టుంది. గున్నయ్య. ఉలి అంచు కూడా పోలేదు. గోడే దాన్ని దాచి ఉంచింది.

రజని పైకి చదివింది. బొడ్డమ్మ ఏడవలేదు. "సరిగ్గా పెట్టండి, వొంకర పోనాది," అని మేస్త్రీలని కసిరింది. పెట్టేక తనే దీపం వెలిగించింది.

ఆ తరవాత మాస్టారు రజనిని అడిగేడు. "పుస్తకంలో మీ నాన్నగారికి ఒక పేజీ ఉంచేను. ఫొటో ఉందా అమ్మా?"

రజని తల్లి వేపు చూసింది.

"కాల్చీసినాను," అంది బొడ్డమ్మ. "ఉన్నది ఒక్కటే, పెళ్ళప్పుడుది. కోపానికి పొయ్యిలో ఎట్టీసినాను." వేళ్ళకంటిన దీపం నూనె చీరకి తుడుచుకుంది. "ఇప్పుడు మొకం కూడా గురుతు లేదు. తలుసుకోకూడదని తలుసుకోలేదు. తలుసుకోక తలుసుకోక పోనాది."

మెట్ల దగ్గరికి వచ్చింది. ఆ వేళ పలాసలో మొహం తిప్పుకున్నాక మళ్ళీ ఇప్పుడే నన్ను చూడడం. "నీకు గురుతున్నాదా?"

లేదనొచ్చు. నోటి దాకా వచ్చింది.

"ఉంది," అన్నాను.

"అయితే దీనికి సెప్పు."

కూతుర్ని ముందుకి తోసింది. రజని నా ఎదురుగా మెట్టు మీద కూర్చుంది. కొంగుతో చెమట తుడుచుకుని మొహం పైకెత్తింది. "నాలో ఆయనదేటండీ?" అంది.

పూజలో కళ్ళు మూసుకున్నప్పుడు ఆ మొహం వస్తే కళ్ళు తెరిచేసేదాన్ని. ఇన్నేళ్ళూ అంతే. ఇప్పుడు చూడక తప్పలేదు. ఆమెనీ చూసేను, అతన్నీ చూసేను. నుదురు కాదు. ముక్కు తల్లిది.

"కనుబొమలు," అన్నాను. "కుడిది కొంచెం పైకి ఉంటుంది."

బొడ్డమ్మ నల్లటి వేళ్ళతో కూతురి గడ్డం పట్టి తన వేపు తిప్పుకుంది. చాలాసేపు చూసింది. నా వేపు తిరక్కుండానే, "ఇంకా?" అంది.